తెరపై శిల్పులు

బిజినేపల్లి చౌరస్తాలో వెల్డింగు మేస్త్రి గేటు కొలతలను నేలపై సుద్దతో గీసి పిమ్మట ఇనుము కోయునట్లే, 1991లో బి.వి.ఆర్. మోహన్ రెడ్డి హైదరాబాదున స్థాపించిన ఇన్ఫోటెక్ ఎంటర్‌ప్రైజెస్, అనగా 2014 నుండి సైయెంట్ అను పేర వ్యవహరింపబడు సంస్థ యందలి ఇంజనీర్లు, విమానపు ఇంజను భాగములను ముందుగా తెరపై నిర్మించి పరీక్షింతురు. 1977లో ఫ్రాన్సున డసో విమానసంస్థ ఆరంభించిన కాటియా వంటి సాఫ్ట్‌వేరులో వృత్తము గీసి ఎత్తు నిచ్చిన స్తంభమగును. ఒక్క రంధ్రపు వ్యాసము మార్చిన, దానితో ముడిపడిన పటములన్నియు తామే సవరించుకొనును. తుదకా కొలతలే కంప్యూటరు నడుపు సి.ఎన్.సి. లేతునకు ఆజ్ఞలగును. చేతికి నూనె అంటదు గనుక తెరపై గీయుటయే మేలైన పని యనువారితో (మా బంధువులలోనే కొందరు కలరు) నేను ఏకీభవింపను. ఏలయన లేతు వద్ద నిలిచినవాడు తెరపై గీయు గీత వేరు. పాలిటెక్నిక్కు విద్యార్థులారా, తెరపనియు లేతుపనియు రెండును నేర్వుడు.