ఒక అణువు – మూడు ప్రశ్నపత్రములు

డిగ్రీ తరగతులలో యాంత్రిక శాస్త్రము, కాంతి శాస్త్రము, క్వాంటం సిద్ధాంతము వేరువేరు భాగములుగా బోధింపబడును. ప్రతి అధ్యాయము చివర కొన్ని లెక్కలుండును. ఏ లెక్కకు ఏ సూత్రము వాడవలెనో అధ్యాయపు శీర్షికయే చెప్పివేయును. విద్యార్థికి మిగిలిన పని, ఇచ్చిన విలువలను సూత్రములో ప్రతిక్షేపించుట మాత్రమే. ఈ అభ్యాసము వలన చేయి తిరుగుననుట నిజము. ప్రమాణములు, దశాంశ స్థానములు తప్పకుండ ఉండును. కాని శీర్షిక లేని ప్రశ్న ఎదురైనప్పుడు ఎక్కడ మొదలుపెట్టవలెనో ఈ అభ్యాసము నేర్పదు. ప్రకృతి తన ప్రశ్నలకు శీర్షికలు పెట్టదు.

ఈ లోపమును చక్కగా ఎత్తిచూపు గ్రంథమొకటి విశాఖపట్నములోనే వెలువడినది. సూరి భగవంతం, టి. వెంకటరాయుడు కలిసి సమూహ సిద్ధాంతమును గురించి, భౌతిక సమస్యలలో దాని ఉపయోగమును గురించి ఇంగ్లీషులో వ్రాసిన ఈ గ్రంథమును 1948లో వాల్తేరు నుండి ఆంధ్ర విశ్వవిద్యాలయము ప్రచురించినది. భగవంతం కలకత్తాలో రామన్ వద్ద పరిశోధన చేసి, 1932లో ఈ విశ్వవిద్యాలయములో చేరినారు. రామన్ ఫలితము కనుగొనబడి అప్పటికి నాలుగేండ్లే అయినది. వర్ణపటములో కనిపించు గీతలను బట్టి అణువు ఆకారమును ఎట్లు తెలిసికొనవచ్చును అనునది ఆనాటి పరిశోధకుల ముందున్న ముఖ్యమైన ప్రశ్న.

లెక్క మొదలుపెట్టుటకు ముందు వస్తువు సౌష్ఠవమును చూడవలెననుట ఆ గ్రంథపు మూలసూత్రము. దీనిని ఒక చిన్న అణువుతో పరీక్షింపవచ్చును. ఉక్కు కర్మాగారపు బ్లాస్టు ఫర్నేసు నుండి వెలువడు వాయువులోను, మనిషి విడుచు ఊపిరిలోను ఉండు కార్బన్ డై ఆక్సైడును తీసికొనుడు. నడుమ కార్బన్ పరమాణువు, దానికి ఇరువైపుల ఒక్కొక్క ఆక్సిజన్ పరమాణువు, మూడును ఒకే సరళరేఖపై నుండును.

మొదట యాంత్రిక శాస్త్రము. మూడు పరమాణువులకు మొత్తము తొమ్మిది విధముల చలనములు సాధ్యము. అణువంతయు ఒక్కటిగా కదలుటకు మూడు, తిరుగుటకు రెండు పోగా నాలుగు కంపనములు మిగులును. ఒకదానిలో రెండు ఆక్సిజన్లు ఒకేసారి బయటకు, ఒకేసారి లోపలకు కదలును. కార్బన్ నిశ్చలముగా నుండును. రెండవదానిలో ఆక్సిజన్లు ఒక దిక్కునకు పోవగా కార్బన్ ఎదురు దిక్కునకు పోవును. మిగిలిన రెండును వంగుడు కంపనములు. వాటి పౌనఃపున్యము ఒక్కటే. బంధములను రెండు సమానమైన స్ప్రింగులుగా భావించి లెక్కించినచో, రెండవ కంపనపు పౌనఃపున్యము మొదటిదానికి 1.91 రెట్లుండవలెను.

తరువాత కాంతి శాస్త్రము. మొదటి కంపనములో ఇరువైపుల మార్పు సమానము కనుక అణువునకు విద్యుత్ ద్విధ్రువ భ్రామకము ఏర్పడదు. కావున అది పరారుణ కాంతిని శోషింపదు. కాని అణువు సాగి, కుదించుకొనునప్పుడు దాని ఎలక్ట్రాన్ మేఘము కాంతికి లొంగు తీరు మారుచుండును. అందువలన రామన్ పరిక్షేపణములో అది కనబడును. రెండవ కంపనము, వంగుడు కంపనములు దీనికి సరిగా వ్యతిరేకము: పరారుణములో సెంటీమీటరుకు 2,349, 667 తరంగ సంఖ్యల వద్ద కనబడును, రామన్ వర్ణపటములో కనబడవు. ఇదంతయు చెప్పుటకు ఒక్క సంఖ్యనైనను ప్రతిక్షేపింపనక్కరలేదు. అణువు కుడి ఎడమలు ఒక్కటే అన్న సంగతి చాలును. గ్రంథము యొక్క గొప్పతనము ఇక్కడనే ఉన్నది.

ఇక క్వాంటం సిద్ధాంతము. పాదరసపు దీపము నుండి వచ్చు 435.8 నానోమీటర్ల కాంతి ఈ వాయువుపై పడినదనుకొనుడు. ఫోటాన్ తన శక్తిలో కొంత అణువునకిచ్చి, 1,388 తరంగ సంఖ్య మేరకు తగ్గి, 463.9 నానోమీటర్ల కాంతిగా బయటపడును. శక్తిని పుచ్చుకొని బయటపడు ఫోటాన్లకు మరొక గీత ఉండవలెను. కాని శక్తి నిచ్చుటకు అణువు ముందే కంపించుచుండవలెను. 300 కెల్విన్ల వద్ద, కంపింపని ప్రతి 780 అణువులకు ఇట్లు కంపించు అణువు ఇంచుమించు ఒక్కటే. అందువలన ఆ గీత చాల మసకగా నుండును. తరంగ సిద్ధాంతము ఒక్కటియే తెలిసినవారికి ఈ తేడా అంతుపట్టదు.

ఇంతవరకు అన్నియు సవ్యముగా సాగినవి. కాని ప్రయోగము రెండు చిక్కులను తెచ్చిపెట్టును. మొదటిది, రామన్ వర్ణపటములో ఒక గీతకు బదులు 1,388, 1,285 తరంగ సంఖ్యల వద్ద రెండు బలమైన గీతలు కనబడును. రెండవది, 2,349ని వీటిచేత భాగించినచో 1.69, 1.83 వచ్చును గాని 1.91 రాదు.

సాధారణముగా దొరకు ‘సాధించిన లెక్కల’ పుస్తకములలో ఇట్టి చిక్కులకు చోటుండదు. అక్కడ జవాబు చివరి పుటతో సరిపోయినచో ఒప్పు, లేనిచో తప్పు. ఈ అణువు విషయములో లెక్క చేసిన విద్యార్థి తప్పు చేయలేదు. స్ప్రింగులను గురించిన ఊహ చాలలేదు. ఒక బంధము సాగినప్పుడు రెండవదాని బిగువు కూడ మారును. గీత రెండగుటకు కారణమును 1931లో ఫెర్మి చూపినాడు. వంగుడు కంపనపు తరంగ సంఖ్యను రెట్టింపు చేసినచో 1,334; ఇది మొదటి కంపనపు విలువకు చాల దగ్గర. ఒకే దారమునకు కట్టిన రెండు సమాన లోలకములవలె ఈ రెండును ఒకదానినొకటి కదిలించి, తమ పౌనఃపున్యములను దూరముగా నెట్టివేయును. క్వాంటం సిద్ధాంతపు చిక్కు అర్థమగుటకు మరల యాంత్రిక శాస్త్రపు లోలకమే అక్కరకు వచ్చినది.

సౌష్ఠవ పద్ధతికి గల హద్దు కూడ ఇక్కడ తెలియును. ఏ కంపనము ఏ వర్ణపటములో కనబడునో అది చెప్పును. ఎక్కడ కనబడునో చెప్పజాలదు. రెండు విలువలు కాకతాళీయముగా దగ్గరపడుననియు ముందుగా చెప్పజాలదు. పైగా ఆ గ్రంథము ఉన్నత గణితము తెలిసినవారికే అందును. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి డిగ్రీ పాఠ్యగ్రంథములను తెలుగులోనికి తెచ్చినది. వాల్తేరు గ్రంథపు ఆలోచనను ఆ తరగతుల స్థాయికి దించి, మూడు భాగములను కలిపి అడుగు లెక్కల సంపుటి ఒకటి తెలుగులో రావలసియున్నది.

అంతవరకు ఉపాధ్యాయులు చేయదగిన పని లేకపోలేదు. మూడు చిన్న బండ్లను రెండు స్ప్రింగులతో కలిపి, ఏ కంపనము వేగముగా నుండునో లెక్కకు ముందే విద్యార్థులచేత చెప్పింపవచ్చును. నడిమి బండి ఎదురు దిక్కునకు కదలినప్పుడు స్ప్రింగు ఎక్కువ సాగును, కావున వెనుకకు లాగు బలము కూడ ఎక్కువ అని హైస్కూలు విద్యార్థి కూడ గ్రహింపగలడు. అట్లు గ్రహించిన తరువాత వచ్చిన సంఖ్య ప్రయోగముతో ఎందుకు సరిపోలేదని అడుగుటకు వానికి ధైర్యము కలుగును. మార్కులు తెచ్చిపెట్టు జవాబుకంటె ఆ ప్రశ్న విలువైనది.