స్వయంపఠనమునకు నవల: విద్యార్థుల సృజనకార్యములపై ఒక పరిశీలనము

మన విద్యాలయములలో నవలకు చాలకాలము ఉపవాచకస్థానమే దక్కినది. పద్యభాగమును ఉపాధ్యాయుడు పదచ్ఛేదముతో, అలంకారవివేచనముతో బోధించును. నవలను మాత్రము ఇంటివద్ద చదువుకొనుడని విడిచిపెట్టును. పరీక్షలో కథాసారాంశ మొకటి, పాత్రచిత్రణ మొకటి అడుగుదురు. బజారున దొరకు ప్రశ్నోత్తరముల పుస్తకమునుండి విద్యార్థి రెండింటిని వల్లించి వ్రాయును. నవల అంగడిలోనే యుండును. మార్కులు మాత్రము వచ్చును. ఈ దురవస్థకు విరుగుడుగా వచ్చినదే సృజనకార్యపద్ధతి. 2010 తరువాతి దశకమున ఆంధ్రప్రదేశ్ పాఠశాలలలో నిరంతర సమగ్ర మూల్యాంకనము అమలులోనికి వచ్చినది. దానితో పుస్తకపఠనమునకును ప్రాజెక్టు పనికిని మూల్యాంకనమున స్థాన మేర్పడినది. కళాశాలలకును ఆ వాడుక ప్రాకినది. నవల చదివి పటము గీయుట, పాత్ర వ్రాసినట్లుగా లేఖయో దినచర్యయో వ్రాయుట, ఒక ఘట్టమును నాటకముగా మార్చుట, ముగింపును తిరుగవ్రాయుట మున్నగునవి నేడు తరగతిగదులలో సర్వసాధారణములు.

ఈ పద్ధతిని మేము నిరాకరించుట లేదు. పది పుటల వ్యాసమున పట్టువడని దొంగపాఠకుడు ఒక్క లేఖలో పట్టువడును. కాని మా పరిశీలనకు వచ్చిన ప్రతులను చూచినకొలది ఒక సందేహము బలపడినది. వీనిలో నవలను చదివి చేసిన వెన్ని? అట్టను, శీర్షికను చూచి చేసిన వెన్ని? నవలను తెరవకయే చేయదగిన పని యెంత అందముగా నున్నను దానిని నవలాపఠనమునకు ఫలముగా లెక్కింపరాదు. ఈ గీటురాతిమీద కొన్ని కార్యములను ఒరసి చూచుటయే ఈ వ్యాసమునకు ప్రయోజనము.

ఉదాహరణములను బందరు, గుడివాడ, దివిసీమల పరిధికి కుదించుకొంటిమి. ఇచటి విద్యార్థికి నవలాకారులు పొరుగువారు. విశ్వనాథ సత్యనారాయణగారు నందమూరున జన్మించి, బందరున చదివి, అచటి ఆంధ్ర జాతీయ కళాశాలలో అధ్యాపకత్వము నెరపిరి. త్రిపురనేని గోపీచంద్‌గారు గుడివాడకు సమీపమందలి అంగలూరువారు. అడివి బాపిరాజుగారు పుట్టుకచే భీమవరమువారైనను 1934 నుండి 1939 వరకు జాతీయ కళాశాలకు ప్రధానాచార్యులు. ఈ సామీప్యము పఠనమునకు చేయూత యగును. ఒక్కొక్కచో అదియే అడ్డుగోడయు నగును.

సృజనకార్యము పాశ్చాత్యదేశములనుండి మొన్న దిగుమతియైన సరకని చులకన చేయు పెద్దలు లేకపోలేదు. బందరువారు ఆ మాట అనరాదు. చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు తెలుగు పండితులుగా నున్న ఊరది. విశ్వనాథవారు ఆయన శిష్యులు. తిరుపతి వేంకటకవుల అవధానములలో సమస్యాపూరణ మేమి? పృచ్ఛకు డిచ్చిన పాదము మారదు. తక్కిన మూడు పాదములు కవివి. ఇచ్చిన పాదమును ప్రక్కకు నెట్టి చెప్పిన పద్యము ఎంత రమ్యమైనను పూరణము కానేరదు. స్వేచ్ఛయు నిర్బంధమును ఒక్కచోట నిలిచిన ప్రక్రియ యది. విద్యార్థికి నవలయే ఇచ్చిన పాదము. ఈ నియమమును మరచిన చోటనే మన ప్రాజెక్టులు దారి తప్పుచున్నవి.

మొదట పటములను చూతము. 'వేయిపడగలు' చదివిన విద్యార్థులకు సుబ్బన్నపేట పటము గీయుడని చెప్పుట కలదు. గుడివాడ ప్రాంతపు విద్యార్థి వెంటనే సుబ్బన్నపేట యనగా నందమూరే యని నిశ్చయించి, తా నెరిగిన కాలువను, చెరువును, గుడిని పటముమీద నిలుపును. పటము చక్కగానే యుండును. అందు నవల లేదు. సుబ్బన్నపేట కల్పితగ్రామము. దానికి ఆధారమైన ఊరు ఏదను ప్రశ్న జీవితచరిత్రకారునకు ఉపయోగించును గాని పాఠకునకు అంతగా కొరగాదు. ఆ నవలలో వేయిపడగల పాము పడగ లొక్కొక్కటిగా పోవును. కోట, దేవాలయము, వానిని ఆశ్రయించిన వృత్తులు క్రమముగా సడలును. కావున అడుగవలసినది ఒక పటము కాదు, రెండు: నవలారంభమున గ్రామ మొకటి, అంతమున గ్రామ మొకటి. ఏది తొలగినది, ఏది క్రొత్తగా వచ్చినది, దేని పేరు మిగిలి పని పోయినది అని గుర్తించుటకు విద్యార్థి ఆ పెద్ద గ్రంథమును తిరుగవేయక తప్పదు. చిత్రలేఖన మెంత మొరటుగా నున్నను ఆ రెండవ పటము విమర్శయే.

గోపీచంద్‌గారి నవలల విషయమున మరియొక చిక్కు. 'పండిత పరమేశ్వరశాస్త్రి వీలునామా' 1963లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము నందినది. తెలుగు నవలలలో ఆ గౌరవమును మొదట పొందినది అదియే. ఆ శీర్షిక ఉపాధ్యాయుని ఊరించును. విద్యార్థులను వీలునామా వ్రాయుమనును. దస్తావేజుల భాషలో, సాక్షి సంతకములతోసహా, చమత్కారమైన వీలునామాలు వచ్చును. రిజిస్ట్రారు కచేరీయెదుట కూర్చుండు దస్తావేజు లేఖకుడు వానిని మరింత చక్కగా వ్రాయగలడు. శీర్షికయే చాలిన పని యది.

'అసమర్థుని జీవయాత్ర' అట్లు కాదు. సీతారామారావుపై న్యాయవిచారణ జరుపుట మన తరగతులలో ప్రియమైన కార్యము. ఇద్దరు న్యాయవాదులు, ఒక న్యాయాధిపతి, గది కలకలలాడును. ఇందొక గుణము కలదు: విద్యార్థి సాక్ష్యము కొరకు గ్రంథమును వెదకును. కాని దోషము అంతకంటె పెద్దది. తీర్పు చెప్పవలసివచ్చుటచే విద్యార్థి ఆస్తినాశమును పట్టుకొని, వంశప్రతిష్ఠకై వెచ్చించినదెంత, మోసపోయినదెంత యని లెక్కించును. ఆస్తి కరగుట ఆ కథలో కొంతయే. తక్కినది మనస్సు కరగుట. తన ఆలోచనయే తన్ను తినివేయుచున్న మనుష్యుని విషయమున దోషి, నిర్దోషి యను మాటలు పనిచేయవు. ఆ నవలకు మేము కోరునది భార్య దృష్టినుండి ఒక్కదినపు కథనము. వ్రాయబూనిన విద్యార్థికి కొంతసేపటికే ఒక సంగతి తట్టును: ఆ యిల్లాలి లోపలిమాట రచయిత మనకు వినిపించినది స్వల్పము. మనము చూచున దంతయు భర్త కలతచూపునుండియే. ఈ సంగతిని ఉపన్యాసమున చెప్పిన విద్యార్థి వ్రాసికొనును. చేతితో వ్రాయబోయి తడబడినపుడు తెలిసికొనును. రెంటికిని భేదము కలదు.

పాత్రలేఖను గూర్చి కొంత విస్తరించి చెప్పవలసియున్నది. అన్ని సృజనకార్యములలో ఇది సులభమని పేరు. మా దృష్టిలో ఇదియే కఠినము. మొవ్వ మండలమందలి కూచిపూడిలో సిద్ధేంద్రయోగి పేర ప్రసిద్ధమైన భామాకలాపమున సత్యభామ కృష్ణునకు లేఖ పంపును. తన సౌభాగ్యాతిశయమును విడువలేదు, విరహమును దాచలేదు. ఆ రెంటి పెనగులాట ఆ లేఖకు ప్రాణము. దానిని రుక్మిణి నోట పెట్టిన నిలువదు. పాత్రలేఖకు ఇంతకంటె మంచి పరీక్ష లేదు: పేరు మార్చిన చెడవలెను.

'వేయిపడగలు'లోని గిరికను తీసికొందము. దేవదాసీకులమున పుట్టి వేణుగోపాలస్వామి సేవయే జీవితముగా గడపిన పాత్ర. గిరిక వ్రాసినట్లు లేఖ వ్రాయుమన్నపుడు వచ్చు ప్రతులు రెండుతెగలు. ఒకతెగలో గిరిక కేవలము భక్తురాలు. పదముపదమున స్వామినామము తప్ప మరేమియు లేదు. రెండవతెగలో ఆమె వేదికమీది వక్త; దేవదాసీవ్యవస్థను ఖండించి, మద్రాసు ప్రభుత్వము 1947లో చేసిన నిషేధశాసనమును కొనియాడును. 1934 ప్రాంతమున వెలసిన నవలలోని పాత్ర 1947 శాసనమును కొనియాడుట ఎట్లు సాధ్యమని వ్రాసినవానికి తోచలేదు.

అయినను రెండవతెగను మేము తేలికగా త్రోసివేయము. ఆ లేఖలు వ్రాసినవారిలో పెక్కురు, ముఖ్యముగా యువతులు, నవలతో నిజముగా తగవుపడినవారు. విశ్వనాథవారి ధర్మవ్యవస్థలో తమ తాతముత్తాతలకు చోటెక్కడ అని అడుగు విద్యార్థులు నేడు మన తరగతులలో కలరు. ఆ ప్రశ్న న్యాయమైనది. పరీక్షాపత్రమున దానికి జవాబు వ్రాయు చోటు లేదు. సృజనకార్యమున కలదు, కావుననే దీనిని రక్షించుకొనవలెనని మా పట్టుదల. కాని తగవు గిరిక ముఖముగా జరుగవలెనన్నచో గిరిక గిరికగా నుండవలెను. ఆమె భక్తిని, కళను అంగీకరించి, ఆ భక్తిలోనే పలుకని దేదియో దానిని పలికింపవలెను. అట్లు కాక తన మాటయే చెప్పదలచిన విద్యార్థి తన పేరనే రచయితకు ఉత్తరము వ్రాయవచ్చును. అదియు మంచి కార్యమే. ఒకరి గొంతును అరువు తెచ్చికొని తన ఉపన్యాసము చేయుటయే కూడదు.

ఇక దివిసీమ. అచటి విద్యార్థులకు బాపిరాజుగారి 'హిమబిందు' నిచ్చినచో ఒక అనుకూలత కలదు. శాతవాహనకాలపు కథ, అందు చారుగుప్తుని వర్తకము, సువర్ణశ్రీ శిల్పవిద్య ముఖ్యములు. దివిసీమకు పోవు త్రోవలోనే ఘంటసాల యున్నది. ప్రాచీనమైన రేవుపట్టణముగా పేరొందినది, బౌద్ధస్తూపావశేషములు గలది. విద్యార్థి అచటి శిల్పఖండ మొకదానిని గీసికొని తెచ్చి, బాపిరాజుగారి శిల్పవర్ణన కెదురుగా నుంచి, చిత్రకారుడైన నవలాకారుడు రాతికి ఏమి చేర్చెనో చెప్పగలడు. ఘంటసాలకు పోయివచ్చి యాత్రావృత్తాంతము వ్రాసి ఊరకుండిన మాత్రము నవల సంచిలోనే యున్నట్లు.

దివిసీమలో మరియొకటి గమనింపదగినది. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన ఆ సీమలో ఇంటింటి జ్ఞాపకము. ఏ నవల నిచ్చినను, కొత్త అధ్యాయము వ్రాయుమన్నంతనే కథలోనికి ఉప్పెన రావచ్చును. నవలలోని మనుష్యులందరు ఒక్క రాత్రిలో కొట్టుకొనిపోవుదురు. దీనిని పరిహసింపరాదు. పెద్దలనోట విన్నది వ్రాసిన ఆ పుటలలో మంచి తెలుగు దొరకును. వానిని వేరుగా, వాఙ్మూలములుగా, చెప్పినవారి మాటలోనే సేకరింపజేయుట ఉచితము. నవలకు అతుకువేసిన, రెంటికిని అన్యాయము జరుగును.

మార్కుల విషయము క్లుప్తముగా. అట్టముక్కలు, రంగులు, ముద్రించిన బొమ్మలు కొనగల విద్యార్థికి నేడు ఎక్కువ మార్కులు పడుచున్నవి. గ్రంథాలయప్రతిని ఒక వారము అడిగి తెచ్చుకొని, నోటుపుస్తకపు కాగితముమీద పెన్సిలుతో రెండు పటములు గీసినవానికి తక్కువ పడుచున్నవి. ఇది విమర్శాదోషము మాత్రమే కాదు, అన్యాయము. ప్రతి కార్యమునకును అరపుట వివరణ జతపరుపవలెనని మా సూచన: ఏ ఘట్టములు ఆధారములు, ఎచట నవలను దాటితిని, ఏల దాటితిని. ఆ అరపుటపై పదినిమిషముల ముఖతః ప్రశ్నలు చాలును. అడుగువారు నవలను చదివియుండవలెనని వేరుగా చెప్పనక్కరలేదనుకొందుము.

వచ్చిన ప్రతులను ఏడాది చివర కట్టలు కట్టి తూకమునకు వేయు ఆచారము మానవలెను. 2008లో బందరున కృష్ణా విశ్వవిద్యాలయ మేర్పడినది. ఆ సీమ కళాశాలల తెలుగు శాఖలు ఏటేట పది మేలైన ప్రతులనైన గ్రంథాలయమున నిలుపవచ్చును. ఒకే పాత్రకు ఇరువదేండ్లపాటు విద్యార్థులు వ్రాసిన లేఖలు ఒక్కచోట చేరినచో, 'వేయిపడగలు'ను ఏ తరము ఎట్లు చదివినదో పరిశోధింపదలచినవానికి ముద్రితసమీక్షలకంటె అవియే నమ్మదగిన ఆధారములగును.