శుక్రవారం గొంతు

అల్‌ఖోబర్‌లో ఉద్యోగం చేసిన రోజుల్లో మాకు ఆదివారం శుక్రవారమే వచ్చేది. సెలవు ఆ రోజే మరి. సౌదీలో చర్చి కట్టుకోవడానికి గానీ, బహిరంగంగా ఆరాధన చేసుకోవడానికి గానీ అనుమతి లేదు. ఎవరో ఒకరి ఇంట్లో పదిహేను మందిమి కూడేవాళ్లం. చెప్పులు గుమ్మం బయట విడవకుండా లోపల గోడవారగా పెట్టుకునేవాళ్లం. హార్మోనియం లేదు, డోలక్ లేదు. మోకాలి మీద రెండు వేళ్లతో తాళం. పక్క ఫ్లాటుకు వినపడనంత గొంతుతో పాట.

నేను గుంటూరు దగ్గర మా ఊరి లూథరన్ గుడి క్వాయర్‌లో పెరిగినవాణ్ణి. మైకు, కీబోర్డు, డ్రమ్స్ మధ్య గొంతెత్తితేనే పాట అనుకునేవాణ్ణి. చిన్నగా పాడటం ఎంత కష్టమో మొదటి శుక్రవారమే తెలిసింది. గొంతు తగ్గించేసరికి శ్రుతి జారిపోతుంది, నడక సాగిపోతుంది. మూడో చరణానికి వచ్చేసరికి, మొదలుపెట్టిన చోట ఎవరమూ ఉండం. కడప నుంచి వచ్చిన ఎలక్ట్రీషియన్ తమ్ముడొకడు చెవికి చెయ్యి ఆనించుకుని కూర్చునేవాడు. శ్రుతి దిగినప్పుడల్లా చూపుడువేలు పైకెత్తేవాడు. ఊపిరిని పొదుపుగా వాడుకోవడం, మాట చివరి అచ్చును గాలికి వదిలేయకుండా పట్టుకోవడం అక్కడే నేర్చుకున్నాను.

మా ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాట పైన రాగం, తాళం పేర్లు అచ్చయి ఉంటాయి. పురుషోత్తమ చౌదరి (1803–1890) వంటివారు మన కర్ణాటక రాగాల్లో కట్టిన పాటలవి. చిన్నప్పటి నుంచీ ఆ పేర్లు చూడకుండానే పాట ఎత్తుకునేవాళ్లం. పైన ముఖారి అని ఉన్నా, మేం పాడేది కీబోర్డు మెట్లకు సరిపోయేలా చదును చేసిన బాణీ.

కోనసీమ నుంచి ఇంటిపనికి వచ్చిన ఒక అక్క నెలకో శుక్రవారం వచ్చేది. చదువు రాదు. పాటలన్నీ అమ్మమ్మ నోట విన్నవే. ఒకసారి ముఖారి కీర్తన పాడుతుంటే మధ్యలో ఆగిపోయింది. ఏంటక్కా అంటే, "మా అమ్మమ్మ ఇలా అనేది కాదు తమ్ముడూ" అని పల్లవి తనే అందుకుంది. రెండో మాట దగ్గర స్వరం నిలబడలేదు. పై స్వరాన్ని తాకి, కాస్త వణికి, మెల్లగా దిగింది. ఆ దిగడంలోనే ఉంది పాటలోని దుఃఖమంతా. డోలక్ మోగుతూ ఉంటే ఆ వణుకు మా చెవిన పడేదే కాదు. ఆమె వచ్చిన నాలుగు శుక్రవారాలూ, అంటే నాలుగు నెలలు, ఆ ఒక్క పల్లవి మీదే కూర్చున్నాం.

ఖోబర్‌కు పైన, తీరం వెంట జుబైల్ ఉంది. 1986లో అక్కడ ఇసుక కింద ఒక పాత చర్చి గోడలు బయటపడ్డాయి. నాలుగో శతాబ్దం నాటివంటారు. ఆ గోడల మధ్య ఏం పాడుకునేవారో అని ఎన్నిసార్లు అనుకున్నానో.

అదే 1986లో తెరిచిన వంతెన మీదుగా, 25 కిలోమీటర్ల సముద్రం దాటి, ఒక క్రిస్మస్‌కు బహ్రెయిన్ వెళ్లాం. మనామాలో చర్చి ఉంది, మైకు ఉంది. కానీ మొదటి పాట సగమయ్యేదాకా మాలో ఎవరికీ గొంతు పైకి రాలేదు. అక్కకు మాత్రం ఆ పూట సెలవు దొరకలేదు.

ఇప్పుడు ఊళ్లో శనివారం సాయంత్రాలు క్వాయర్ పిల్లలకు నేర్పుతున్నాను. మొదటి అరగంట కీబోర్డు ముట్టుకోనివ్వను. అక్క కూడా కోనసీమ వచ్చేసింది. పోయిన వారం ఆమెకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టాను. పిల్లలు పల్లవి పాడారు.

"బాగుంది గానీ తమ్ముడూ, ఆ రెండో మాట దగ్గర తొందరపడుతున్నారు. మళ్లీ అనమను" అంది.

మళ్లీ అన్నారు.