గంగమ్మకు దీర్ఘం

పడవలు ఒడ్డుకు చేరే వేళ మార్కండి తీరంలో మనిషిని పేరు పెట్టి పిలవడం అంత సులువు కాదు. కెరటం విరిగే చప్పుడు, ఇంజన్ల మోత, బేరాల గోల, పైగా ఎదురుగాలి. వీటన్నిటినీ దాటుకుని పిలుపు అవతల తట్ట పట్టుకుని నిలుచున్న ఆడమనిషి చెవిన పడాలి. ‘స్మిత’ అని పిలిచి చూడండి, పేరు గడప దాటదు. ‘గంగమ్మా’ అని పిలవండి. ముందు గట్టి గకారం, మధ్యలో ముక్కుతో మోగే రెండు చోట్లు, చివర ఊపిరి ఉన్నంతసేపు లాగుకోగల ఆకారం. నూకాలమ్మ, పోలమ్మ, రాజమ్మ, ఎర్రమ్మ, బంగారమ్మ... ఈ తీరపు ఆడవాళ్ల పాత పేర్లు చాలావరకు ఈ కొలతకే కుదిరినవి. ఎవరూ కూర్చుని కొలిచి చేసినవి కావు. అయినా తరాల చేతుల్లో అరిగి నునుపెక్కిన తెడ్డు పిడికి ఉండే పొందిక వీటికి ఉంది.

గంజాం జిల్లాలో గోపాల్‌పూర్ నుంచి ఆంధ్ర సరిహద్దు దాకా వరసగా ఉన్న పల్లెకారుల ఊళ్లలో మార్కండి ఒకటి. ఒడియావారు వీళ్లను నోలియాలంటారు. కులం అడిగితే వాడబలిజలమనో, జాలారులమనో చెప్పుకుంటారు. ఇంట్లో మాట తెలుగు, బడిలో చదువు ఒడియా. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా విడి రాష్ట్రం అయ్యేదాకా గంజాం మద్రాసు ప్రాంతంలోదే. సరిహద్దు గీత మధ్యలో వచ్చింది కానీ పేర్లకు మూలమైన గుళ్లు మాత్రం గీతకు ఆవల ఉండిపోయాయి. ఆ గుళ్ల సంగతికి వచ్చే ముందు పేరు ఎలా కట్టారో చూడాలి.

కట్టుబడి అంతా చివరి అతుకులో ఉంది. గంగ, అమ్మ కలిస్తే గంగమ్మ. అకారం అకారంలో కలిసిపోయింది, అతుకు కనబడదు. నూకాలు, అమ్మ కలిస్తే నూకాలమ్మ. అక్కడ ఉకారం తప్పుకుంది. లచ్చి, అమ్మ కలిస్తే లచ్చమ్మ. ఇకారమూ తప్పుకుంది. ఆది, అమ్మ కలిసినప్పుడు మాత్రం ఆదమ్మ కాలేదు, ఆదెమ్మ అయింది. ఇకారం పూర్తిగా పోకుండా, అకారం పూర్తిగా నిలవకుండా రెంటికీ మధ్య ఎకారం దగ్గర రాజీ కుదిరింది. మణెమ్మ కథా అంతే. సంధి సూత్రాల పేరు కూడా వినని నోళ్లు ఒక్కో పేరుకు ఏ అతుకు నప్పుతుందో తేల్చేశాయి. సత్యమ్మను సత్తెమ్మ చేసిన నోరే రమణమ్మను రవణమ్మ చేసింది. రెండు మకారాలు దగ్గరదగ్గరగా వచ్చి పెదవులు పదేపదే మూసుకోవాల్సి వస్తే ముందుదాన్ని వకారంలోకి జార్చి పని తేలిక చేసుకుంది. దీన్ని అపభ్రంశం అనేవాళ్లున్నారు. నాకైతే రమణమ్మ కన్నా రవణమ్మే చక్కగా తీర్చిన పేరు అనిపిస్తుంది.

ఇంత గట్టి అతుకు ఉంటే ముందు ఏ సరుకు పెట్టినా నిలుస్తుంది. నెల్లూరు, గుంటూరు వైపు దర్గాలకు మొక్కుకుని పుట్టిన ఆడపిల్లలు మస్తానమ్మలు, సైదమ్మలు, హుస్సేనమ్మలు అయ్యారు. బైబిల్లోంచి వచ్చినవాళ్లు మేరమ్మ, సారమ్మ, ఏస్తేరమ్మ. అరబ్బీ అయినా హీబ్రూ అయినా చివర అమ్మ చేరగానే ఊరి మనిషైపోతుంది.

ఈ నేర్పు మన ఒక్కరి సొత్తు కాదు. బోస్నియాలోనూ ఇదే పని మరో అతుకుతో జరిగింది. 1463లో ఆటమన్ తుర్కులు ఆ దేశాన్ని గెలిచాక నాలుగు వందల ఏళ్లకు పైగా అరబ్బీ, పారసీ, తుర్కీ పేర్లు అక్కడి స్లావు నోళ్లలోకి వచ్చిపడ్డాయి. స్లావు భాషలో ఆడపేరు ఆకారంతో ముగియాలి. జైనబ్‌కు చివర బకారం ఉంది కనక దానికో ఆకారం తగిలించి జెయ్‌నెబా చేసుకున్నారు. ఫాతిమా ఇంటి పిలుపులో ఫాతా, హతిజా హతా, ఆయ్‌షా ఆయ్‌కా. మన గంగమ్మ గంగి, లచ్చమ్మ లచ్చి అయినట్టే. అరబ్బీ ఆమినా తుర్కీ మీదుగా వచ్చి ఎమినా అయింది. ఆ పేరు మీద మోస్తార్ కవి అలెక్సా షాంతిచ్ 1902లో రాసిన పద్యం పాటై ఇప్పటికీ పాడుకుంటున్నారు. రాసినవాడు సెర్బు, పాటలోని పిల్ల ముస్లిం.

వాటిలో నాకు మరీ నచ్చింది ఉమిహానా. పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో సరయేవోలో ఉమిహానా చువిదినా అనే ఆవిడ ఉండేది. బోస్నియా ముస్లిం స్త్రీలలో మనకు పేరు తెలిసిన తొలి కవయిత్రి ఆమే. ఆ పేరులో ఉన్నది అరబ్బీ ‘ఉమ్మ్ హానీ’, అంటే హానీ తల్లి. ‘ఉమ్మ్’ అంటే అమ్మే. వాళ్లు అమ్మను ముందు పెట్టి చివర ఆకారంతో ముడి వేశారు, మనం అమ్మనే ముడిగా వాడుకున్నాం.

అర్థాల్లోనూ పోలికలు తగులుతాయి. వాళ్ల జ్లాటా అంటే బంగారం. మనకు అదే లోహంతో బంగారమ్మ, కనకమ్మ, పైడమ్మ అని మూడు పోతలు. వాళ్ల బిసెరా అంటే ముత్యం. మనకు ముత్యాలమ్మ ఉంది. అయితే ఇక్కడ పోలిక ఆగిపోతుంది. బిసెరా నిజంగా ముత్యమే, ముత్యాలమ్మ కాదు. మశూచి పొక్కులను పొక్కులనకుండా ముత్యాలన్నారు. అవి పోసే తల్లి ముత్యాలమ్మ. ఒళ్లంతా పొక్కులు లేచి, కళ్లు పోయి, పిల్లలు రాలిపోతున్న ఊళ్లో ఆ రోగాన్ని తిట్టకుండా, పిలవకుండా, బతిమాలుకునేందుకు దొరికిన మాట అది. ఆ భయాన్ని అంత అందమైన పూసగా మార్చి, మళ్లీ ఆ పూసను ఆడపిల్ల పేరుగా మెళ్లో వేశారు. మశూచి భూమ్మీద లేదని 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. పేరు మాత్రం భయం వదిలేసి ముత్యాన్ని ఉంచుకుంది.

భయంతో చేసిన పేర్లలో ఇంకో రకం ఉంది. దిష్టి తగలకుండా, చావు కన్ను పడకుండా పెట్టినవి. పుట్టిన బిడ్డలు దక్కని తల్లి ఈసారి పుట్టిన పిల్లను పెంటకుప్ప మీద పడుకోబెట్టి, ఎవరో పారేసింది తెచ్చుకున్నట్టు తీసుకుంటే పెంటమ్మ. చేటెడు తవుడుకు ఇరుగమ్మకు అమ్మేసి తిరిగి కొనుక్కుంటే తవిటమ్మ. ఎంగిలి విస్తళ్ల మీద దొర్లిస్తే పుల్లమ్మ. మృత్యువుతో ఆడే నాటకం ఇది. ఈ పిల్లకు విలువ లేదు, నీకెందుకు, పో అని నమ్మబలకడం. కళింగాంధ్రలో తవిటినాయుళ్లు, తవిటమ్మలు ఇప్పటికీ తగులుతారు. ఒడియాలో ఇదే పనిని ఫకీరు చేశాడు. బాలేశ్వర్‌లో వ్రజమోహన్‌గా పుట్టిన పిల్లాడికి జబ్బు చేస్తే నాయనమ్మ పీరుకు మొక్కుకుంది. అలా అయినవాడే ఒడియా రచయిత ఫకీర్‌మోహన్ సేనాపతి. అంతకు ముందే, 1787లో, సెర్బియాలో తోబుట్టువులంతా పోయాక పుట్టిన మగబిడ్డకు మంత్రగత్తెలు జడిసేలా ‘వుక్’, అంటే తోడేలు అని పేరు పెట్టారు. తర్వాత సెర్బు భాషకు లిపినీ నిఘంటువునూ కూర్చిన వుక్ కరాజిచ్ అతనే. వాళ్లు బెదిరించారు, మనం బుకాయించాం.

అన్నిటినీ మెచ్చుకోలేం. స్లావుల్లో స్టానా అని ఆడపేరుంది, ‘ఆగు’ అనే మాటలోంచి వచ్చింది. బిడ్డ ప్రాణం నిలవాలని పెట్టేవారు కొందరు, ఇక ఆడపిల్లలు ఆగాలని పెట్టేవారు మరికొందరు. మహారాష్ట్రలో రెండో కోరికతోనే నకుషా, అంటే అక్కర్లేనిది అని పెట్టారు. 2011లో సతారా జిల్లాలో అలాంటి పిల్లల్ని పోగుచేసి సర్కారు వారే కొత్త పేర్లు ఇవ్వాల్సి వచ్చింది. పెంటమ్మలో తిట్టు పైపూత, లోపల ప్రేమ. నకుషాలో పూతే లేదు.

ఇక గుళ్లు. ఈ తీరపు పేర్ల పటం గీస్తే బిందువులన్నీ దక్షిణానికి పడతాయి. అనకాపల్లి నూకాలమ్మ నుంచి నూకాలు, నూకరత్నం, నూకరాజు. గుడి బోర్డు మీద ఆమె నూకాంబిక, నోట్లో మాత్రం నూకాలమ్మే. సింహాచలం అప్పన్న నుంచి అప్పలమ్మ, అప్పలనర్సమ్మ, అప్పలకొండ. సింహాచలం అన్న కొండ పేరే ఉన్నదున్నట్టుగా ఆడవాళ్లకూ మగవాళ్లకూ పెడతారు. విజయనగరం పైడితల్లి నుంచి పైడమ్మ, పైడిరాజు. పైడితల్లిది మరో విశేషం. ఆమె పూసపాటి విజయరామరాజు చెల్లెలనీ, 1757 బొబ్బిలి యుద్ధంలో అన్న పోయాక ప్రాణం విడిచి దేవతయిందనీ చెప్పుకుంటారు. అంటే ఒక ఆడపిల్ల దేవత అయితే, ఆ దేవత పేరు మళ్లీ ఊరూరా ఆడపిల్లలకు పంచారు.

సముద్రం మీదికి వెళ్లేవాళ్ల దేవతలు వేరు. ఎడ్గర్ థర్‌స్టన్ 1909లో ఏడు సంపుటాలుగా తెచ్చిన దక్షిణ భారత కులాల పుస్తకంలో పల్లెకారుల అమ్మవార్లు కనిపిస్తారు. నల్ల ఏనుగెక్కి కత్తి పట్టిన రాజమ్మ గొడ్రాళ్లకు సంతానం, వలకు చేప ఇస్తుంది. తెల్ల గుర్రం మీది ఎర్రెనమ్మ మునగకుండా, పెద్ద చేప నోట పడకుండా కాస్తుంది. చలి నుంచి, కడుపునొప్పి నుంచి రాత్రి వేటవాళ్లను కాచే పని భాగీరథి అమ్మవారిది. వేయికన్నులమ్మకు విగ్రహం లేదు. ఒంటి నిండా చిల్లులు పొడిచిన కుండ, లోపల నువ్వుల నూనె దీపం, అంతే. దీపం వెలిగిస్తే చిల్లు చిల్లుకూ ఒక కన్ను తెరుచుకుంటుంది. ఆ కుండ చేసిన చేయి, ఆ పేరు పెట్టిన నోరు ఒకే బుర్రలోవి అయి ఉండాలి.

బరంపురం బస్తీకి వస్తే తీరు మారుతుంది. తర్వాత రాష్ట్రపతి అయిన వరాహగిరి వెంకటగిరి 1894లో ఆ ఊళ్లోనే పుట్టారు. ఆయన తల్లి సుభద్రమ్మ, బరంపురంలో జాతీయోద్యమంలో దిగి అరెస్టయిన మనిషి. సుభద్ర అంటే పూరీలో జగన్నాథుడికీ బలభద్రుడికీ మధ్య కూర్చున్న చెల్లెలు. తొలి సగం పూరీది, చివరి అతుకు తెలుగుది. బరంపురం తెలుగింటికి ఇంతకన్నా కుదురైన పేరు నాకు తట్టడం లేదు.

పేరు బడి రిజిస్టరులోకి ఎక్కేటప్పుడు అసలు చిక్కు వస్తుంది. ఒడియా లిపిలో ఎ, ఏ రెంటికీ ఒకటే గుర్తు, ఒ, ఓలకూ అంతే. ఎర్రమ్మ మొదటి అక్షరం పొట్టిదో పొడుగుదో చదివేవాడి ఇష్టం. అంతకన్నా పెద్ద తంటా అకారంతో. ఒడియాలో అకారాన్ని ఒకారానికి దగ్గరగా పలుకుతారు. గంగమ్మ అని మన అక్షరాలకు సరిగ్గా ఒడియా అక్షరాలు వేస్తే మాస్టారు ‘గొంగొమ్మొ’ అని చదువుతాడు. అలా కాకూడదంటే దీర్ఘాలు పెట్టి ‘గాంగామ్మా’ అని రాయాలి. చిత్రం చూడండి, ఆ రాతలో చివరి దీర్ఘం తీరంలో కేకేసే దీర్ఘమే. ఒడియా రిజిస్టరులో ఆమె పేరు రాసినట్టుండదు, పిలిచినట్టుంటుంది.

అసలు పేరే లేకుండా చేసే నేర్పు కూడా ఉంది. ఇటాలియన్ యాత్రికుడు అల్బెర్టో ఫోర్టిస్ 1774లో అచ్చువేసిన బాల్కన్ గాథను గోథే జర్మన్‌లోకి తెచ్చాడు. అందులో నాయిక హసనాగినీత్సా, అంటే హసన్ ఆగా పెళ్లాం. భర్త గెంటేస్తే బిడ్డల్ని వదల్లేక గుండె పగిలి చచ్చిపోయిన ఆ ఇల్లాలి సొంత పేరు గాథ మొత్తంలో ఎక్కడా రాదు. మన పల్లెల్లో ‘నూకరాజు వాళ్లమ్మ’ కూడా ఆ బాపతే. అయితే చేపల తట్ట నెత్తిన పెట్టుకుని సంతకు వెళ్లే ఆడదాన్ని అలా పిలిస్తే బేరం సాగదు. వాడిక మనిషి పేరు గుర్తుంచుకుని అడుగుతారు. సొంత సంపాదన ఉన్నచోట సొంత పేరు చెలామణీలో ఉంటుంది.

ఇప్పటి పిల్లల పేర్లలో సస్మిత, లిపి, బర్ష, ఇతిశ్రీ వంటి ఒడియా వరసవి చేరుతున్నాయి. వీటికి అతుకులు లేవు, తయారై వచ్చినవి. మంచి పేర్లే, బడిలో ఎవరూ నవ్వరు. పాత పేరు మాత్రం పూర్తిగా పోలేదు. నాయనమ్మ పేరు మనవరాలికి పెట్టడం మన ఇళ్లలో ఆనవాయితీ. అత్తగారి పేరు పెట్టి పిల్లను కసురుకోలేక కోడలు ‘చిన్నమ్మి’ అనో ‘చిట్టి’ అనో పిలుస్తుంది. అలాంటి ఇంట్లో సస్మితకు ముందు ఒక గంగో నూకో పొడి అక్షరంగా నక్కి ఉంటుంది. అది దేని పొడి అక్షరమని అడిగితే పిల్ల సిగ్గుపడి చెప్పదు, వాళ్ల నాయనమ్మ చెబుతుంది.