మీ చిత్త నక్షత్రం చూశారా?

ఈ వారం గుడిలో అర్చన దగ్గర ఓ తండ్రి గోత్రం చెప్పి, కొడుకుది చిత్త నక్షత్రం అని ఠక్కున అందించాడు. బయటికొచ్చాక "బాబూ, నీ నక్షత్రాన్ని ఎప్పుడైనా చూశావా?" అని అడిగాను. అది కంటికి కనిపించేదని వాడికి తెలియదు. తండ్రికీ తెలియదు. నాకు మనసు చివుక్కుమంది. మన నక్షత్రాలు అర్చన టికెట్ మీదే మిగిలాయన్నది నా పాత గొడవే.

చిత్త కార్తె పేరు ఎరగని తెలుగువాడు ఉండడు. ఆ అక్టోబరు రోజుల్లో సూర్యుడు చిత్త పక్కనే ఉంటాడు కాబట్టి అప్పుడే ఆ చుక్క కనిపించదు. కనిపించేది ఇప్పుడు, చైత్రంలో, దాదాపు రాత్రంతా. పున్నమి చంద్రుడు దాని దాపుకు వస్తాడు కనకే ఇది చైత్రమాసం అయింది.

నీలి ఛాయ తెలుపు దానిది. గ్యాస్ పొయ్యి మంటలో నీలం ఉన్నచోటే వేడి ఎక్కువ, చుక్కల్లోనూ అంతే. సూర్యుడి ఉపరితలం 5,500 డిగ్రీలైతే చిత్తది 20,000కు పైనే. అసలది ఒక్క చుక్క కాదు, సుమారు 4 రోజులకోసారి ఒకదాన్నొకటి చుట్టివచ్చే జంట. మన కంట పడే వెలుగు అక్కడ బయల్దేరి దాదాపు 250 ఏళ్లయింది.

పంచాంగమే మనకు ఆకాశాన్ని మరిపించిందని తిట్టడం తేలిక. నేను తిట్టను. క్రీ.పూ. 2వ శతాబ్దంలో గ్రీకు ఖగోళవేత్త హిప్పార్కస్, తనకు 150 ఏళ్ల ముందు తిమోఖారిస్ గుర్తించిన చిత్త స్థానాన్ని తన లెక్కతో పోల్చి, విషువత్తు మెల్లగా జరుగుతోందని పట్టుకున్నాడు. ఆ జరుగుడుకు మన లెక్కే అయనాంశ. 1952లో మేఘనాథ్ సాహా అధ్యక్షతన ఏర్పడ్డ పంచాంగ సంస్కరణ సంఘం కూడా మేషాది బిందువును చిత్తకు ఎదురుగానే నిలిపింది. దృక్ పంచాంగాలు చాలావరకు ఇవాళ్టికీ ఆ చుక్కనే పట్టుకుని నడుస్తున్నాయి. దాని చిరునామాను ఇన్నాళ్లూ భద్రంగా దాచింది పంచాంగమే. తల ఎత్తడం మానేసింది మనం.

ఈ నెలలో ఏ రాత్రయినా పది గంటలకు డాబా ఎక్కండి. సప్తర్షి మండలం తోక వంపు వెంటే చూపు సాగిస్తే మొదట నారింజ రంగు స్వాతి, అదే వంపులో ఇంకా ముందుకెళితే చిత్త. ఇంట్లో చిత్తలో పుట్టినవాళ్లుంటే వాళ్లను ముందు తీసుకెళ్లండి.