భవనాశి మడుగులో తెల్లతోక

ఈ వారం ఒళ్లు మండించింది ఒక బ్లూటూత్ స్పీకరు. ఆళ్లగడ్డలో బస్సెక్కి అహోబిలం చేరి, జ్వాలా నరసింహుడి దారిలో భవనాశి వాగు పక్కన కూర్చున్నా. ఈ కాలమ్ చదివేవాళ్లకు నా పాత పాట తెలిసిందే: పిట్ట కావాలంటే అడవంతా తిరగొద్దు, నీళ్లున్న చోట చెట్టు మొదట్లో కూలబడి నోరు మూసుకోవాలి. నేను మూసుకున్నా. స్పీకరు మూసుకోలేదు.

"తోకపిట్ట కోసమా సామీ? మూడు దాటితే స్నానానికొస్తాదిలే" అన్నాడు కర్రలమ్మే పెద్దాయన.

ఆ రొదలోనే వచ్చింది ప్యారడైజ్ ఫ్లైక్యాచర్, మగది. నిగనిగలాడే నల్లతల, దానిమీద కుచ్చు, తెల్లటి ఒళ్లు, ఒంటికన్నా పొడుగు తోక ఈకలు రెండు. వంగిన కొమ్మ మీంచి మడుగులోకి దభీమని దూకి, మళ్లీ అదే కొమ్మెక్కి రెక్కలు దులుపుకుంది. మళ్లీ దూకింది. గోవింద నామాలు దాని చెవినే పడనట్టుంది. జోడీది రాగి రంగు, పొట్టి తోక. రాగి రంగుకు పొడుగు తోక ఉంటే అది తెలుపెక్కని మగది. కొత్తవాళ్లు బోల్తాపడేది ఇక్కడే. ఇంత అందానికి గొంతు మాత్రం గరగర.

నిశ్శబ్దం అంటే నాకు రోళ్లపాడే. బట్టమేక పిట్ట కోసం 1988లో అభయారణ్యమైన గడ్డినేల. ఒకప్పుడు నంద్యాల నుంచి చీకటితోనే బయల్దేరేవాళ్లం. మీటరు ఎత్తు మగపక్షి, మెడకింద సంచి వేలాడేసి, తోక విప్పి, గుమ్మని మూలిగితే ఆ మోత ఎంత దూరమో పాకేది. ఆడది ఏడాదికి పెట్టేది సాధారణంగా ఒక్క గుడ్డు, అదీ నేలమీదే. అక్కడ స్పీకర్లు లేవు, కంచె ఉంది, కావలి ఉంది. కృష్ణజింకలున్నాయి. బట్టమేక మాత్రం కొన్నేళ్లుగా కనబడదు. కంచె అవతలి బీళ్లు, జొన్నచేలు కూడా దాని ఇల్లే. కాలువ నీళ్లొచ్చి వాటి రూపం మారింది. రైతును ఏమనగలం? సీమలో కాలువ కోసం మొక్కని ఇల్లుందా?

అంటే స్పీకరు తలనొప్పి నాకే గానీ పిట్టకు కాదు. దానికి కావలసింది ఆ నీడ, ఆ మడుగు, మడుగు మీద ముసిరే పురుగులు. గొంతెత్తి గోవిందా అనండి, ఇకపై నేనేమీ అనను. షాంపూ ప్యాకెట్లు మాత్రం వాగులో చించొద్దు.