గిడుగువారి సవర భాషాకృషి – విశ్వవిద్యాలయ ప్రవేశము

వ్యావహారిక భాషోద్యమ చరిత్రను మన తెలుగు శాఖలలో బోధించు పద్ధతి యొకటి స్థిరపడి యున్నది. 1911 మొదలు 1914 వరకు మదరాసు విశ్వవిద్యాలయమున ఇంటర్మీడియెటు వ్యాసరచనను గూర్చి జరిగిన వాదము, 1913లో గిడుగు రామమూర్తి పంతులుగారు ప్రకటించిన మెమొరాండము, 1914లో గురజాడ అప్పారావుగారు సమర్పించిన అసమ్మతి పత్రము, జయంతి రామయ్య పంతులుగారి ప్రతివాదము, 1919లో వెలసిన వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజము – ఈ వరుసలో పాఠము సాగి, కవుల ప్రయోగములకును లాక్షణికుల సూత్రములకును గల వైరుధ్యముతో ముగియును. విద్యార్థి దీనిని శైలీవివాదముగా గ్రహించి, అట్లే పరీక్షలో వ్రాయును. కాని ఆ వివాదము పుట్టినదే పరీక్షను గూర్చి యను విషయము మరుగున పడినది. ఏ భాషలో వ్రాసినవాడు ఉత్తీర్ణుడగును, ఏ భాషలో వ్రాసినవాడు బయట నిలిచిపోవును అను ప్రశ్నయే దానికి మూలము. అనగా అది విద్యాప్రవేశమునకు సంబంధించిన వివాదము.

ఈ దృష్టితో చూచినపుడు గిడుగువారి కృషిలో రెండు వేరువేరు సిద్ధాంతములు గోచరించును. ఒకటి తెలుగును గూర్చి వారు చేసిన వాదములోనిది. రెండవది సవరలకొరకు వారు చేసిన పనిలోనిది. మొదటిదానిని మన శాఖలు స్వీకరించినవి. రెండవదానిని గౌరవముతో పేర్కొని విడిచినవి. ఉన్నత విద్యలో స్వల్పసంఖ్యాకులుగా నున్న వర్గముల విద్యార్థులకు నేడు కావలసినది ఆ రెండవదియే యని ఈ వ్యాసము ప్రతిపాదించుచున్నది.

గిడుగువారు 1863లో శ్రీకాకుళమునకు ఉత్తరమున వంశధారాతీరమునందలి పర్వతాలపేటలో జన్మించిరి. బాల్యముననే తండ్రి మరణించుటచే బంధువుల యింట నుండి విజయనగరమున మెట్రిక్యులేషను చదివిరి. 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయులైరి. కళాశాలకు పోయి చదువు స్థితి లేకపోవుటచే ఉద్యోగము చేయుచునే ప్రైవేటుగా చదివి పట్టభద్రులైరి. తెలుగు వచనముయొక్క గతిని మార్చిన యీ పండితుడు కళాశాల బయటినుండి పరీక్షకు వచ్చినవాడని మనము విద్యార్థులకు చెప్పుట అరుదు.

పర్లాకిమిడి నేటి టెక్కలి, పలాస ప్రాంతములకు పరాయిది కాదు. టెక్కలి చేరువనున్న నౌపడ నుండి 1900లో అచ్చటికి చిన్న రైలు నడచినది. 1936లో ఒరిస్సా రాష్ట్ర మేర్పడినపుడు పర్లాకిమిడి ఆ వైపునకు పోగా, టెక్కలి, మందస, సోంపేట ఈ వైపున మిగిలినవి. సవరల కొండలు మాత్రము రెండు వైపులను గలవు.

ఆ కొండలలోని సవరలకు చదువు చెప్పవలెనని సంకల్పించిన గిడుగువారు మొదట చేసిన పని పాఠశాల పెట్టుట కాదు, సవరభాష నేర్చుకొనుట. తెలుగు తెలిసిన సవరనొకనిని ఇంటనుంచుకొని, వానిని గురువుగా నెంచి, మాటలు వినుచు వ్రాసికొనిరి. మన్యములో తిరుగునపుడు చలిజ్వరమునకు వాడిన క్వినైను వలన వారి వినికిడి క్షీణించినదని ప్రసిద్ధి. పిమ్మట సవరభాషలో వాచకములు, కథలు, పాటలు సిద్ధపరచి, తమ ధనముతో బడులు నెలకొల్పిరి. మదరాసు ప్రభుత్వము ఆ గ్రంథములకు పారితోషికము నీయజూపగా, ఆ ధనముతో సవరలకు పాఠశాల పెట్టుడని కోరిరి. 1931లో వెలువడిన సవరభాషా గ్రంథము, 1938 నాటి సవర–ఇంగ్లీషు నిఘంటువు ఈ సాధనయొక్క శాస్త్రఫలములు. ఇందు క్రమము గమనింపదగినది: ముందు గురువు శిష్యుని భాష నేర్చెను, తరువాత శిష్యుడు గురువు విద్య నేర్చెను.

తెలుగు విషయమున వారి సిద్ధాంతమునకు ఒక పరిమితి కలదు. గిడుగువారు కోరినది ప్రతివాని వాడుక కాదు, శిష్టవ్యావహారికము. అనగా చదువుకొన్నవారు సభలలోను ఇండ్లలోను మాటలాడు భాష. ప్రాచీన కావ్యములను చదువవలదని వారెన్నడు ననలేదు. ప్రాచీనరూపములలో వ్రాయుమని బాలురను నిర్బంధింపవలదనిరి. ఆ కాలమున అది గొప్ప విమోచనము. కాని శిష్టులెవరు? ఆనాడు చదువుకొన్నవారు ఏ కులములవారో, ఆ భాషయే శిష్టభాష. తరువాత పత్రికలును పాఠ్యగ్రంథములును కృష్ణా గోదావరీ ప్రాంతపు విద్యావంతుల భాషను ప్రమాణముగా నెలకొల్పినవి. కావ్యభాష యను గడప తొలగినది. దాని స్థానమున మరియొక గడప వెలసినది. విజయనగరపు వాడుకను కన్యాశుల్కమునందు నిలిపిన గురజాడవారి సీమకే ఈ రెండవ గడప ఎక్కువ ఎత్తుగా నుండుట విచిత్రము.

ఉద్దానము విద్యార్థి విషయము పరిశీలింతము. వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి, కంచిలి, ఇచ్ఛాపురము ప్రాంతములలో తెలుగు, ఒడియా రెండును ఇంటిభాషలు. కొండ దిగువను సవర కూడ వినవచ్చును. ఇచ్చటి విద్యార్థి 'నేను' అనుటకు 'నాను' అనును. 'వచ్చాడు' అనుటకు 'వచ్చినాడు' అనును. మొదటిదానిని విన్న సహాధ్యాయులు నవ్వుదురు. రెండవదానిని మోటగా నెంతురు. చరిత్ర దృష్టిలో 'వచ్చినవాడు' అను ప్రాచీన నిర్మాణమునకు 'వచ్చినాడు' సమీపరూపము; 'వచ్చాడు' మరికొంత అరిగిన రూపము. పూర్వరూపమును కాపాడుకొన్నవాడు అపరిష్కృతుడనియు, అరిగిన రూపము పలుకువాడు శిష్టుడనియు మన మేర్పరచుకొన్న భేదమునకు భాషాశాస్త్రమున ఆధారము లేదు. ఇది అధికారము చేసిన నిర్ణయము. భద్రిరాజు కృష్ణమూర్తిగారు వ్యవసాయవృత్తి పదములను సేకరించి 1962లో మాండలిక వృత్తి పదకోశమును వెలువరించిన నాటినుండి మాండలికము దోషము కాదని మనము తరగతిలో చెప్పుచునే యున్నాము. జవాబుపత్రము దిద్దునపుడు మరచుచున్నాము.

ప్రవేశమునకు గల అడ్డంకులన్నియు భాషవియే యనుట సాహసము. 2018 అక్టోబరు 11వ తేదీన పలాస చెంత తీరము దాటిన తిత్లీ తుపాను కొబ్బరిని, జీడిని కూల్చివేసినది. ఏండ్లతరబడి పెంచిన చెట్టుతోపాటు పిల్లల చదువునకు ఆధారమైన ఆదాయము కూడ కూలినది. ఉద్దానమును పీడించు మూత్రపిండవ్యాధి పెక్కు కుటుంబములకు తీరని భారము. పలాసలో పరిశోధనకేంద్రమును ఆసుపత్రియు 2023 డిసెంబరులో మాత్రమే ప్రారంభమైనవి. చేపలవేటకై గుజరాతు తీరమునకు వలసపోవు ఇండ్లలో బాలుని చదువు ఎప్పుడు తెగునో చెప్పజాలము. వీనిని తెలుగు శాఖ తీర్చజాలదు.

చట్టము చేయగల పని కొంత చేసినది. 1970లో వెనుకబడిన తరగతులకు 25 శాతము స్థానములు కేటాయింపబడగా, 1972లో సర్వోన్నత న్యాయస్థానము దానిని సమర్థించినది. వాడబలిజ, జాలారి మొదలైన మత్స్యకార కులములు అందలి 'ఎ' వర్గమున, 7 శాతపు వాటాలో చేరినవి. షెడ్యూల్డు కులములకు 15, షెడ్యూల్డు తెగలకు 6 శాతము కలవు. 2008లో ఎచ్చెర్లలో డాక్టరు బి. ఆర్. అంబేడ్కరు విశ్వవిద్యాలయ మేర్పడుటచే జిల్లాకు స్వంత విశ్వవిద్యాలయము లభించినది. ఐనను చట్టము విద్యార్థిని ద్వారమువరకు తీసికొనిరాగలదు. లోపల అతడు నోరు విప్పునా, మూసికొనునా యనునది ఆచార్యుని చేతిలోనిది. మన బాధ్యత అచ్చట ప్రారంభమగును.

ఇట్లనిన ప్రమాణము సడలును గదా యని పూర్వపక్షము చేయవచ్చును. ఈ యాక్షేపణ గిడుగువారి కాలమునను వినిపించినదే. దీనికి సమాధానము వారి సవరబడిలోనే కలదు. వారు సవరబాలునకు సులభమైన విద్య చెప్పలేదు. విద్యను చేరు మార్గమును సులభము చేసిరి. ప్రమాణభాషను నేర్పకుండుట అన్యాయము. దానిని ముందే నేర్చి రమ్మనుట అంతకంటె అన్యాయము. ఈ వ్యాసము సైతము గ్రాంథికమునకు సన్నిహితమైన భాషలో నున్నది. దీనిని చదివి అర్థము చేసికొనగల శక్తి ఉద్దానపు విద్యార్థికి హక్కు. ఇట్లు వ్రాయలేకపోవుట అతనికి అనర్హత కారాదు. ఆంగ్లమును గూర్చియు ఇదే న్యాయము. దానిని కోరు దళిత, వెనుకబడిన కులముల తల్లిదండ్రులను తప్పుపట్టుట కంటె, ఇంటిభాషనుండి దానికి మెట్లు కట్టుట మేలు.

మన పరిశోధనలో మరియొక లోపము కలదు. 1956లో బిరుదురాజు రామరాజుగారు తెలుగు జానపదగేయ సాహిత్యముపై పరిశోధన పూర్తిచేసిన పిమ్మట జానపదవిజ్ఞానము మన శాఖలలో ప్రధానశాఖగా పెరిగినది. జముకుల కథ, జాలరి పాటలు మనకు సిద్ధాంతవ్యాసములైనవి. పాడినవాని పేరు అనుబంధములో నుండును. పాడినవాని బిడ్డ పరిశోధకుల పట్టికలో నుండుట అరుదు. సామగ్రికి ప్రవేశము కల్పించి, మనుష్యునకు కల్పింపకుండుట శాస్త్రమునకును నష్టమే. వలపేర్లు, అలలపేర్లు, గాలిపేర్లు ఇంట విన్నవాడు వానిని సేకరించినచో దొరకు సూక్ష్మత, పది దినములు తీరమున గడపిపోవు మనకు దొరకదు.

కావున తెలుగు శాఖలు తమంతట తాము చేయదగిన పనులు మూడు. జవాబుపత్రమున విషయజ్ఞానమునకును ప్రమాణభాషా రూపమునకును మార్కులు వేరుపరచుట. మొదటి సంవత్సరమున ప్రమాణభాషను అందరికిని, ఏ భాషను నిందింపక, ఒక పాఠ్యాంశముగా బోధించుట. మాండలిక, జానపద పరిశోధనలలో ఆ భాష మాటలాడు విద్యార్థులనే పరిశోధకులుగా తీసికొనుట. వీనికి కొత్త చట్టము గాని, అధికధనము గాని అవసరము లేదు.

గిడుగువారి జన్మదినమైన ఆగస్టు 29ని తెలుగు భాషాదినోత్సవముగా జరుపుకొనుచున్నాము. ఆనాటి ఉపన్యాసములలో 'తెలుగు' పత్రికా సంపాదకుడు కనబడును. సవరమాటలు వ్రాసికొనుచు కొండదారిలో కూర్చున్న ఉపాధ్యాయుడు కనబడడు. మొదటివాడు మనకు వ్రాయు స్వేచ్ఛ నిచ్చెను. రెండవవాడు వినవలసిన బాధ్యతను విడిచిపోయెను. ఆ బాధ్యతను స్వీకరించువరకు మన ద్వారము తెరచియున్నదని చెప్పుకొనుట తొందరపాటగును.